డబ్బు తీసుకునే రాశారా? గేమ్ రివ్యూల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే అనుమానం చుట్టూ తిరుగుతున్నాయి. అందుకని గ్రాఫిక్ కార్డుల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. కార్డులవాళ్లు కోప్పడకండి, వచ్చేసారి మీదే.

ప్రశ్న: ఒక పెద్ద సైట్‌లో రివ్యూ చదివి గేమ్ కొన్నాను. పేజీకి పైన, పక్కన, కింద అన్నీ ఆ గేమ్ యాడ్లే, మధ్యలో ఆ గేమ్‌కే పదికి తొమ్మిది మార్కులు. ఆడితే గంటకోసారి క్రాష్ అవుతోంది. సూటిగా చెప్పండి, వీళ్లు డబ్బు తీసుకునే మార్కులు వేస్తారా?
— ఒళ్లు మండిన పాఠకుడు

జవాబు: కవర్లో డబ్బు పెట్టి "తొమ్మిది వెయ్యి బాబూ" అనే బేరం పెద్ద సైట్లలో జరుగుతుందని నేననుకోను. ఆ అవసరం కూడా లేదు. యాడ్ ఇచ్చేవాళ్లకీ రివ్యూ రాసేవాళ్లకీ మధ్యన యాడ్లు అమ్మే విభాగం ఒకటి ఉంటుంది, దాని పైన ఒక మేనేజర్ ఉంటాడు, ఇంత ఆదాయం తెచ్చానని పైవాళ్లకు లెక్క చూపాల్సింది ఆయన. ఒత్తిడి వచ్చేది ఆ దారిలోనే. పైగా మామూలు దినపత్రికకి సబ్బులవాళ్లు, కార్లవాళ్లు, బ్యాంకులవాళ్లు అందరూ యాడ్లు ఇస్తారు కాబట్టి ఒకరు అలిగి వెళ్లిపోయినా బండి నడుస్తుంది. గేమ్ సైట్‌కి వచ్చే యాడ్లలో పెద్ద వాటా గేమ్ కంపెనీలదే, అంటే ఎవరి సరుకు మీద తీర్పు చెప్పాలో వాళ్ల డబ్బే జీతాలకు ఆధారం. తొమ్మిది సంగతి తర్వాత, ముందు ఈ ఏర్పాటే ఇబ్బందికరమైనది.

అందరూ చెప్పుకునే ఉదాహరణ 2007 నాటిది. గేమ్‌స్పాట్ సైట్ అప్పట్లో సీనెట్ అనే కంపెనీ చేతిలో ఉండేది. ఆ నవంబర్‌లో ఐడాస్ కంపెనీ 'కేన్ అండ్ లించ్: డెడ్ మెన్' అనే గేమ్ విడుదల చేసి, గేమ్‌స్పాట్ నిండా దాని యాడ్లు పెట్టించింది. మొదటి పేజీ తెరిస్తే వెనక గోడ మొత్తం ఆ ఇద్దరు తుపాకీవాళ్ల బొమ్మలే. అదే సైట్ ఎడిటోరియల్ డైరెక్టర్ జెఫ్ గెర్స్ట్‌మన్ ఆ గేమ్‌కి పదికి ఆరు ఇచ్చాడు. ఆ నెల తిరక్కుండానే ఆయన ఉద్యోగం పోయింది, వీడియో రివ్యూ సైట్‌లోంచి తీసేశారు. యాడ్లకీ దీనికీ సంబంధం లేదని కంపెనీ అంది. గెర్స్ట్‌మన్ నోరు విప్పడానికి ఒప్పందం అడ్డం. అది తొలగిపోయి ఆయన జరిగింది చెప్పింది 2012లో. ఆయన మాటల సారాంశం ఏంటంటే, కొత్తగా వచ్చిన పైవాళ్లకి యాడ్లిచ్చేవాళ్ల ఫిర్యాదులు అలవాటు లేదు, పెద్ద మొత్తం యాడ్ డబ్బు చేజారిపోతుందనగానే కంగారుపడిపోయారు. అంతకుముందు సోనీ వాళ్ల 'రాచెట్ అండ్ క్లాంక్' కొత్త గేమ్‌కి ఇంకో రివ్యూయర్ ఏడున్నర ఇచ్చినప్పుడు కూడా లోపల మీటింగులు పెట్టి నిలదీశారట. ఏడున్నరకి!

తర్వాత కొందరు సహోద్యోగులు కూడా బయటికి వచ్చేసి, అంతా కలిసి 2008లో 'జెయింట్ బాంబ్' అనే గేమ్ సైట్ పెట్టుకున్నారు. 2012లో దాన్ని కొన్నదెవరో తెలుసా? అప్పటికి గేమ్‌స్పాట్ యజమానిగా ఉన్న సీబీఎస్ సంస్థే. ఆ ఒప్పందం తొలగింది కూడా ఈ కొనుగోలుతోనే.

ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది పోయిన ఆ ఒక్క ఉద్యోగం కాదు, దాన్ని చూసిన మిగతా రివ్యూయర్లు. అద్దె కట్టాల్సినవాడు, పిల్లల ఫీజులు ఉన్నవాడు ఆరు వెయ్యాల్సిన చోట మొహమాటపడి ఏడు దగ్గర ఆగుతాడు. ఎవరూ ఫోన్ చెయ్యక్కర్లేదు. మీ తొమ్మిది వెనక అదే ఉందని నేను అనలేను, ఆ రివ్యూయర్‌కి గేమ్ నిజంగా నచ్చి ఉండొచ్చు కూడా. క్రాష్‌ల సంగతికి ఇంకో కారణం ఉండే అవకాశం ఉంది, కింది జవాబు చూడండి.

ప్రశ్న: రివ్యూలన్నీ ఒకే రోజు, ఒకే నిమిషంలో వస్తాయెందుకు? అంతా కూడబలుక్కుని చేస్తున్నట్టు లేదూ?
— ఇంజనీరింగ్ విద్యార్థిని

జవాబు: కూడబలుక్కోవడం కాదమ్మా, దాన్ని ఎంబార్గో అంటారు. విడుదలకు ముందే కంపెనీ రివ్యూయర్లకు గేమ్ తెరిచే కోడ్ పంపిస్తుంది, దాంతోపాటు ఒక కాగితం. ఫలానా తేదీ, ఫలానా గంట వరకూ ఏమీ రాయకూడదు, నాలుగో అధ్యాయం తర్వాతి దృశ్యాలు చూపించకూడదు, క్లైమాక్స్‌లో ఎవరు చనిపోతారో చెప్పకూడదు, ఇలాంటివి. దీనివల్ల మేలు కూడా ఉంది. ఎంబార్గో లేకపోతే అందరికంటే ముందు పెట్టాలన్న తొందరలో నలభై గంటల గేమ్‌ని నాలుగు గంటలు ఆడి తీర్పు చెప్పేస్తారు.

తేడా ఎక్కడుందంటే ఆ గంట ఎప్పుడు పెట్టారన్న దాంట్లో. విడుదలకు వారం ముందు ఎంబార్గో తీసేస్తే కంపెనీకి సరుకు మీద నమ్మకం ఉన్నట్టే. 2014 నవంబర్‌లో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' అమెరికాలో అర్ధరాత్రి అమ్మకానికి వచ్చింది, రివ్యూలు పెట్టుకోవడానికి అనుమతి మాత్రం మర్నాడు మధ్యాహ్నానికి. అంటే పన్నెండు గంటలపాటు జనం కళ్లు మూసుకుని కొనాలి. కొన్నవాళ్లలో కొందరికి పాత్రల మొహం మీద చర్మం లేకుండా కళ్లు, పళ్లు మాత్రమే గాల్లో తేలుతూ కనిపించాయి. చివరికి ఆ గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ క్షమాపణ చెప్పి, అదనపు భాగాన్ని ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది.

ఇంకా తెలివైన పద్ధతి 2020 డిసెంబర్‌లో చూశాం. 'సైబర్‌పంక్ 2077' రివ్యూలు విడుదలకు మూడు రోజుల ముందే వచ్చాయి, చాలావరకు మెచ్చుకోళ్లే. కాకపోతే అప్పటికి రివ్యూయర్ల చేతికి వచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే, అందులోనూ తాము ఆడుతూ రికార్డు చేసిన వీడియో మొదట్లో చూపించకూడదన్నారు, కంపెనీ ఇచ్చిన దృశ్యాలే వాడుకోవాలి. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే మెషీన్ల) మీద గేమ్ ఎంత ఘోరంగా నడుస్తుందో డబ్బు పెట్టి కొన్నవాళ్లే కనిపెట్టారు. డిసెంబర్ 10న విడుదలైతే 17న సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఇందులో ఏ రివ్యూయరూ అబద్ధం చెప్పలేదు, చేతికిచ్చిన దాని గురించి చూసింది చూసినట్టే రాశారు. ముందరి కాళ్లకు బంధం వేసి పరిగెత్తమన్నారంతే. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. "మాకు కన్సోల్ కాపీ ఇవ్వలేదు" అన్న వాక్యాన్ని రివ్యూ చివర్లో ఎక్కడో దాచకుండా, మార్కు పక్కనే పెద్ద అక్షరాల్లో వెయ్యొచ్చుగా? కొందరు వేశారు, చాలామంది వెయ్యలేదు.

పైన క్రాష్‌ల గురించి అడిగినాయనా, మీరు ఆడింది ఏ మెషీన్ మీద, రివ్యూయర్ ఆడింది దేని మీద అన్నది ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: ఏడు మార్కులు వస్తే గేమ్ బాగోలేదని ఎందుకంటారు? స్కూల్లో పదికి ఏడొస్తే మా అమ్మ ఏమీ అనదు.
— తొమ్మిదో తరగతి

జవాబు: మీ అమ్మగారికి నమస్కారాలు. గేమ్ పత్రికల్లో కొలమానం ఎప్పుడో పైకి జరిగిపోయింది, ఆరు కింద అంకెలు ఉన్నాయన్న సంగతే చాలామంది మర్చిపోయారు. 1990లలో బ్రిటన్‌లో 'అమిగా పవర్' అనే పత్రిక యాభై శాతం అంటే సగటు గేమ్ అని పట్టుబట్టి మార్కులు వేస్తే కంపెనీలు దానిమీద కస్సుబుస్సుమనేవి. ఇంకో కారణం మెటాక్రిటిక్. రివ్యూలన్నిటి సగటు తీసి ఒకే అంకె చూపించే సైట్ అది. 2010లో వచ్చిన 'ఫాల్అవుట్: న్యూ వెగాస్' తయారుచేసిన ఆబ్సిడియన్ స్టూడియోకి ఆ సగటు వందకి 85 వస్తే బోనస్ ఇస్తామని ఒప్పందం. 84 వచ్చింది, బోనస్ లేదు. ఇది బయటపెట్టింది ఆ స్టూడియో సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ అవెలోన్. నేను అర మార్కు తగ్గిస్తే ఎవరిదో జీతం తగ్గుతుందని తెలిశాక చెయ్యి తేలిగ్గా ఆడుతుందా చెప్పండి? అంకెలే వద్దనుకుని యూరోగేమర్ సైట్ 2015లో మార్కులు ఎత్తేసింది, మళ్లీ 2023లో నక్షత్రాలతో తిరిగొచ్చింది. పాఠకులకి అంకె కావాలి, ఏం చేస్తాం.

ప్రశ్న: నాకు ఒక చిన్న యూట్యూబ్ ఛానెల్ ఉంది. ఈ మధ్య ఒక ప్రచార ఏజెన్సీ నుంచి మెయిల్ వచ్చింది, గేమ్ ఫ్రీగా ఇస్తారట, పైన కొంత డబ్బు కూడా. అగ్రిమెంట్‌లో మాత్రం "వీడియో సానుకూలంగా ఉండాలి, బగ్స్ చూపించకూడదు, ముందుగా మాకు పంపి ఓకే చేయించుకోవాలి" అని ఉంది. మొదటిసారి ఛానెల్‌కి డబ్బొస్తోంది, వదులుకోబుద్ధి కావట్లేదు. టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: తమ్ముడూ, మీకు వచ్చిన అగ్రిమెంట్ లాంటిదే ఒకటి అమెరికాలో ప్రభుత్వం దాకా వెళ్లింది, అదే చెప్తాను. 2014లో 'షాడో ఆఫ్ మోర్డోర్' గేమ్ ప్రచారానికి వార్నర్ బ్రదర్స్ ఒక ఏజెన్సీ ద్వారా యూట్యూబర్లను పట్టింది. కొందరికి వందల డాలర్లు, కొందరికి వేలల్లో, పదివేలల్లో. షరతులు దాదాపు మీవే. మెచ్చుకోవాలి, బగ్స్ చూపకూడదు, పెట్టేముందు చూపించి ఒప్పించుకోవాలి. ఇది యాడ్ అన్న సంగతి వీడియోలో ఎక్కడా వినిపించనక్కర్లేదు, కింద వివరణ పెట్టెలో రాస్తే చాలన్నారు, అదీ 'ఇంకా చూపించు' నొక్కితే తప్ప కనపడని చోట. కొందరైతే గేమ్ ముందుగా ఇచ్చారని రాశారు గానీ డబ్బిచ్చారని రాయలేదు. వాళ్లలో పేరున్న యూట్యూబర్ ప్యూడీపై కూడా ఉన్నాడు, ఆయన వీడియో ఒక్కదాన్నే 37 లక్షలసార్లు చూశారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వార్నర్ మీద కేసు పెట్టి 2016లో రాజీకి తెచ్చింది. విచిత్రం ఏంటంటే ఆ గేమ్ నిజంగానే బాగుంటుంది! డబ్బివ్వకపోయినా మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు ఆ వీడియోల్లో ఏ మెచ్చుకోలు నిజమో ఎవరు చెప్పగలరు?

డబ్బు లేకుండా షరతులు మాత్రమే పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. 2024 మేలో 'మార్వెల్ రైవల్స్' గేమ్‌ని ముందుగా ఆడాలంటే క్రియేటర్లు సంతకం పెట్టాల్సిన ఒప్పందంలో గేమ్‌ని కించపరచకూడదన్న నిబంధన బయటపడింది. స్ట్రీమర్లు (ఆట లైవ్‌లో చూపించేవాళ్లు) గొడవ చేస్తే ఆ గేమ్ కంపెనీ నెట్‌ఈజ్ క్షమాపణ చెప్పి ఆ మాటలు మార్చింది. కాబట్టి అడిగితే మారుస్తారు, అందరూ కాకపోయినా కొందరైనా.

మీరేం చెయ్యాలంటే, ముందు ఈ రెండిటినీ విడదీయండి. గేమ్ మాత్రం ఫ్రీగా ఇచ్చి ఏ షరతూ పెట్టకపోతే హాయిగా తీసుకోండి, ఫ్రీగా వచ్చిందని వీడియో మొదట్లోనే నోటితో చెప్పండి, మీకు తోచింది మాట్లాడండి. డబ్బు తీసుకుంటే అది యాడ్, తప్పేం లేదు, యాడ్లు చేసి బతికేవాళ్లు బోలెడుమంది. కానీ దాని టైటిల్‌లో 'రివ్యూ' అన్న మాట పెట్టకండి. మొదటి అర నిమిషంలోనే "ఇది డబ్బు తీసుకుని చేస్తున్న వీడియో" అని చెప్పండి. ఇక ఆ బగ్స్ నిబంధన. మెయిల్‌కి రెండే వాక్యాల్లో జవాబివ్వండి, బగ్స్ షరతు, ముందుగా చూపించే షరతు తీసేస్తే చేస్తాను, యాడ్ అని మాత్రం వీడియోలోనే చెప్తాను అని. ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే నేనైతే వదిలేస్తాను, ఎందుకంటే మీ ఛానెల్ చిన్నది, చూసేవాళ్లలో సగంమంది మీ మాట విని కొనేవాళ్లే అయ్యుంటారు, ఆ గేమ్ వాళ్ల దగ్గర క్రాష్ అయితే కామెంట్లలో తిట్లు తినేది ఏజెన్సీ కాదు.

ప్రశ్న: చెడుగా రాస్తే కంపెనీలు పగబడతాయా? లేక ఇదంతా జర్నలిస్టులు చెప్పుకునే గొప్పలా?
— ఒక అనుమానపు పక్షి

జవాబు: పగబడతాయి, దాచుకోను కూడా దాచుకోరు ఒక్కోసారి. 'ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ' పత్రిక ఎడిటర్ 2008 మొదట్లో తన సంపాదకీయంలోనే పేర్లతో సహా రాశాడు. మోర్టల్ కాంబాట్ బృందం, సోనీ స్పోర్ట్స్ విభాగం, యూబీసాఫ్ట్, తమ రాతలు నచ్చక ఇక మీకు గేమ్‌లు చూపించం అన్నాయని. 2015లో కోటాకు సైట్ కూడా ఇలాగే, బెథెస్డా, యూబీసాఫ్ట్ కంపెనీలు తమని దూరం పెట్టాయని ప్రకటించింది. కోటాకు నేరమల్లా ఇంకా ప్రకటించని గేమ్‌ల వార్తలు ముందే వేసెయ్యడం. 2011లో 'డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్'కి ఘోరమైన రివ్యూలు వచ్చినప్పుడు దాని ప్రచార సంస్థ, ఇంత విషం కక్కినవాళ్లలో ఈసారి ఎవరికి గేమ్ పంపాలో ఆలోచిస్తున్నాం అన్న అర్థంలో ట్విటర్లోనే రాసేసింది. లోపల అనుకోవాల్సింది మైకులో అనేశారు. పబ్లిషర్ 2కే గేమ్స్ వెంటనే ఆ సంస్థని వదిలించుకుంది.

గేమ్ పంపకపోతే కొనుక్కుని రాయొచ్చు కదా అంటారు. రాయొచ్చు, కానీ విడుదల రోజున కొని, ఆడి, రాసేసరికి వారం పడుతుంది, అప్పటికి చదివేవాళ్లు వేరే సైట్‌లో చదివేసి ఉంటారు. దెబ్బ తగిలేది అక్కడ. యూట్యూబర్లకైతే ఇంకో ఆయుధం ఉంది, కాపీరైట్ ఫిర్యాదు. 2013లో 'డే వన్: గ్యారీస్ ఇన్సిడెంట్' అనే గేమ్‌ని టోటల్‌బిస్కట్ అనే యూట్యూబర్ చీల్చి చెండాడితే, ఆ కంపెనీ కాపీరైట్ పేరుతో వీడియో తీయించేసింది. ఆయన ఆ సంగతి ఇంకో వీడియోలో చెప్పాడు, గొడవ పెద్దదై కంపెనీ వెనక్కి తగ్గింది. లేకపోతే ఆ గేమ్ పేరు నాకూ తెలిసేది కాదు.

ప్రశ్న: మా అన్నయ్య అంటాడు, రివ్యూయర్లంతా అమ్ముడుపోయారు, గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్‌లో మామూలు జనం రాసేవే నమ్మాలని. నిజమేనా?
— చెల్లెలు

జవాబు: అందరినీ ఒకే గాటన కట్టొద్దని చెప్పమ్మా మీ అన్నయ్యకి. జనం రాసేవాటిలో మేలు ఉంది, రకరకాల మెషీన్ల మీద గేమ్ ఎలా నడుస్తోందో విడుదలైన సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. కానీ అక్కడా బేరాలు లేకపోలేదు. కొందరు ఫ్రీ కీలు (గేమ్ తెరిచే కోడ్‌లు) పంచి పొగడ్తలు రాయించుకుంటున్నారనే స్టీమ్ 2016లో ఒక మార్పు చేసింది, బయటినుంచి వచ్చిన కీతో గేమ్ తెరిచినవాళ్ల రివ్యూలు మొత్తం స్కోరులో లెక్కలోకి రావు. ఇక గేమ్‌తో సంబంధం లేని కోపాలతో వేలమంది ఒకేసారి చెడు రివ్యూలు గుప్పించడం ఎటూ ఉంది. రెండూ చదవండి. ఒక రివ్యూయర్‌ని నమ్మాలా వద్దా అంటే, మీరు ఇప్పటికే ఆడేసిన గేమ్‌ల మీద ఆయన ఏం రాశాడో చూడండి.

ప్రశ్న: యాడ్లు మానేసి పాఠకుల చందాలతో నడిస్తే ఈ గొడవే ఉండదు కదా?
— రిటైర్డ్ లెక్చరర్

జవాబు: సగం గొడవ ఉండదు సార్. అమెరికాలో 'కన్స్యూమర్ రిపోర్ట్స్' 1936 నుంచి యాడ్లు లేకుండా, వస్తువులు తామే కొని పరీక్షించి రాస్తోంది, కాబట్టి జరగని పని కాదు. గేమ్‌లలో 'సెకండ్ విండ్' వీడియో ఛానెల్ కొంతవరకు ఆ దారిలో మొదలైందే, 2023 నవంబర్‌లో ఎస్కేపిస్ట్ పత్రిక ఎడిటర్‌ని తీసేస్తే వీడియోల బృందం మొత్తం ఆయనతోపాటు బయటికి వచ్చి ప్రేక్షకుల చందాలతో పెట్టుకుంది.

మిగతా సగం గొడవ అభిమానులతో. చందా కట్టేవాడు కూడా ఒకరకంగా యజమానే, తన అభిమాన గేమ్‌ని తిడితే ఊరుకోడు. చందాల మీదే నడిచే రివ్యూయర్ జిమ్ స్టెర్లింగ్ 2017లో 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'కి పదికి ఏడు ఇస్తే ఎవరో దాడి చేసి ఆ సైట్‌నే పడగొట్టారు. గమనించండి, అది చందాదారులు చేశారని అనట్లేదు, కానీ ఏ కంపెనీ చెయ్యని పని అది. అయినా రెండిట్లో ఏది నయమంటే నేను చందాల వైపే ఉంటాను, కోపం వచ్చిన పాఠకుడు మహా అయితే తన చందా మానేస్తాడు, కోపం వచ్చిన పెద్ద కంపెనీ ఏడాది ఆదాయంలో ఒక ముక్క పట్టుకుపోతుంది.

మరో సంగతి, సైట్లు ఒక్కొక్కటిగా ఒకే గూటికి చేరుతున్నాయి. 2024లో యూరోగేమర్, రాక్ పేపర్ షాట్‌గన్ లాంటివన్నీ ఐజీఎన్ అనే మరో పెద్ద గేమ్ సైట్ చేతికి వెళ్లాయి. ఒకచోట ఉద్యోగం పోయినవాడు వెళ్లడానికి ఇంకో గుమ్మం ఉండాలి కదా. గెర్స్ట్‌మన్ రోజుల్లో లేని భయం ఇది.

ప్రశ్న: అయితే ప్రీఆర్డర్ చెయ్యొచ్చా, వద్దా? ఒక్క మాటలో చెప్పండి.
— తొందరపాటు మనిషి

జవాబు: వద్దు. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్‌కి స్టాక్ అయిపోవడం ఉండదు, గేమ్‌లో పాత్రకి బోనస్‌గా ఇచ్చే టోపీ కోసం రివ్యూలు రాకముందే డబ్బు కట్టడం దేనికి? ఆగలేనంటే స్టీమ్‌లో చెయ్యండి, విడుదలైన 14 రోజుల్లోపు, రెండు గంటలకు తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. క్యారెక్టర్‌కి జుట్టు రంగు ఎంచుకుంటూ గడిపిన ముప్పావుగంట కూడా ఆ రెండు గంటల్లో లెక్కే.